డైరీలో మనసు ఎక్కడుంది?

జనవరి వచ్చిందంటే ఇంటికి డైరీలు వచ్చిపడతాయి. బ్యాంకువాళ్లది ఒకటి, ఎరువుల కంపెనీది ఒకటి, మందుల కంపెనీ వాళ్లు ఇచ్చారని మరిదిగారు తెచ్చిపెట్టింది ఒకటి. సెల్‌ఫోన్లు వచ్చాక జోరు తగ్గిందిగాని, పూర్తిగా మానలేదు. అందులో ఒకటి పాల లెక్కకీ, ఒకటి ఇస్త్రీ పద్దుకీ పోగా, మిగిలిన దాన్ని ‘ఈ ఏడు తప్పకుండా రాయాలి’ అని బీరువాలో దాచుకుంటాం. సంక్రాంతి దాకా రాస్తాం. చుట్టాలు వెళ్లాక మళ్లీ మొదలుపెడదాం అనుకుంటాం. ఆ డైరీ మళ్లీ కంటపడేది ఉగాదికి బీరువా సర్దినప్పుడే.

ఈసారి జనవరి ఆఖరివారంలో మా పైవాటా అమ్మాయి ఒక డైరీ చేత్తో పట్టుకుని మా ఇంటికి వచ్చింది. అది తనది కాదు, వాళ్ల అబ్బాయిది. పన్నెండేళ్లవాడు. వాడికి ఆటిజం అని నాలుగో ఏటనే డాక్టర్లు చెప్పారు. చక్కగా మాట్లాడతాడు, చదువుకుంటాడు. కాని పదిమంది ఒక్కసారి మాట్లాడితే చెవులు మూసుకుంటాడు. మనం ఇవాళ ఏదైనా అడిగితే జవాబు రేపు చెబుతాడు. మనసులో మాట బయటికి వస్తుందని బడిలో టీచరు డైరీ రాయించమన్నారట. పెద్దవాళ్లలా వారంలో మానేయకుండా, మూడు వారాలు ఒక్కరోజు తప్పకుండా రాశాడు.

“చూడండి పిన్నిగారూ, ఇన్ని పేజీలు రాశాడు. ఎక్కడా ‘సంతోషం వేసింది’ అని లేదు, ‘ఏడుపొచ్చింది’ అని లేదు. బస్సు టైములూ, ఇడ్లీల లెక్కానూ! ఇందులో మనసు ఎక్కడుందండీ?” అంది. అంటూంటే ఆ పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

నేను ఒక పేజీ చదివాను. చదవకూడదని తెలిసే చదివాను; ఆ సంగతి తరువాత చెబుతాను. బడిబస్సు 7-52కి వచ్చిందట. లిఫ్టు మధ్యలో రెండుసార్లు ఆగిందట. ఇడ్లీలు నాలుగు, చట్నీ ఎక్కువ. ఆ కింద ‘బస్సులో కిటికీ పక్క సీటు లేదు’ అని ఉంది. ఆ మాట కింద పెన్నుతో రెండు గీతలు, కాగితం చిరిగేంత గట్టిగా.

వాళ్లమ్మ ఇడ్లీలు చూసింది, గీతలు చూడలేదు. ఈ వ్యాసం ఆ రెండు గీతల గురించే అనుకోండి.

డైరీ అంటే మనకి ముందుగా గుర్తొచ్చేది ఆన్ ఫ్రాంక్. 1942 జూన్‌లో పదమూడో పుట్టినరోజుకి వచ్చిన పుస్తకానికి ‘కిట్టీ’ అని ఒక స్నేహితురాలి పేరు పెట్టి, ఆ పిల్ల తన మనసంతా అందులో పోసింది. అమ్మ మీద కోపం, తనలో తనకి జరిగే తగువు, యుద్ధం అయ్యాక ఏం కావాలన్న ఆశ, అన్నీ విప్పి చెప్పింది. చదివిన ప్రతివాళ్లూ డైరీ అంటే ఇలాగే ఉండాలనుకున్నారు. అందులో తప్పేమీ లేదు. కాని ‘ఇలాగే’ ఉండాలనుకోవడంతోనే చిక్కు వస్తుంది.

ఎందుకంటే పేరుపొందిన డైరీలన్నీ కన్నీళ్లతో రాసినవి కావు. శామ్యూల్ పెపిస్ అని, 1660 నుంచి 1669 వరకూ లండన్‌లో డైరీ రాసిన ఉద్యోగస్తుడు ఉన్నాడు. 1666లో లండన్ తగలబడుతూంటే ఆయన తోటలో గొయ్యి తీసి, తన సారాయినీ, ఖరీదైన జున్నునీ పాతిపెట్టిన సంగతి డైరీకి ఎక్కించాడు. ఊరు కాలిపోతూంటే జున్ను లెక్కేమిటని ఎవరైనా తిట్టారా? లేదు. మనిషి భయం ఎంత నిజంగా కనిపించిందో అని మెచ్చుకున్నారు. మన ఏనుగుల వీరాస్వామయ్యగారినే తీసుకోండి. 1830-31లో మద్రాసు నుంచి కాశీకి వెళ్లి వస్తూ ఆయన రాసిన ‘కాశీయాత్ర చరిత్ర’ నిండా ఏ ఊరు ఎంత దూరం, అక్కడ బసకి చోటుందా, సరుకులు దొరుకుతాయా అన్న లెక్కలే. దాన్ని మన తొలి యాత్రాగ్రంథాలలో గొప్పదిగా చెప్పుకుంటున్నాం. పెద్దమనిషి లెక్క రాస్తే చరిత్ర అవుతుంది. పన్నెండేళ్ల పిల్లవాడు, అందులోనూ ఆటిజం ఉన్న పిల్లవాడు లెక్క రాస్తే, ‘మనసు లేదు’ అవుతుంది. ఇదెక్కడి న్యాయం?

ఈ ప్రశ్నతో సతమతమవుతూ నేను మా మేనకోడలు ఇచ్చిన ఒక ఇంగ్లీషు పుస్తకం మళ్లీ తీశాను. పేరు ‘డైరీ ఆఫ్ ఎ యంగ్ నేచురలిస్ట్’. రాసినవాడు డారా మెకనల్టీ, ఉత్తర ఐర్లండు అబ్బాయి. పద్నాలుగేళ్ల ప్రాయంలో ఒక వసంతం నుంచి శీతాకాలం దాకా రాసుకున్న డైరీ ఇది. 2020లో ఒక చిన్న ప్రచురణ సంస్థ వేసింది. అదే ఏడు ప్రకృతి రచనకి ఇంగ్లండులో ఇచ్చే వెయిన్‌రైట్ బహుమతి దీనికి వచ్చింది. అప్పటికి అతనికి పదహారేళ్లు. ఆ బహుమతి అందుకున్నవాళ్లలో అంత చిన్నవాడు అంతకుముందు లేడు. ఈ పిల్లవాడు ఒక పేరా కూడా కూర్చి రాయలేడని ఒకప్పుడు ఒక టీచరు అతని తల్లిదండ్రులతో అన్నారట!

డారాకి ఆటిజం ఉంది. తమ్ముడికీ, చెల్లెలికీ, తల్లికీ కూడా ఉంది. ఆ ఇంట్లో లేనిది తండ్రికి ఒక్కడికే. ఆయన సైంటిస్టు. మన ఇళ్లల్లో ఒక్క పిల్లవాడు తేడాగా ఉంటే ఇల్లంతా వాడిని సరిచేయడానికి పూనుకుంటుంది. ఆ ఇంట్లో అలా కాదు. చప్పుడు ఎక్కువైతే అందరికీ ఎక్కువే. బయటికి పోయి పిట్టల్ని చూడాలంటే అందరూ బూట్లు తొడుక్కోవడమే.

పుస్తకం నల్లపిట్ట పాటతో మొదలవుతుంది. అది మన కోయిల కాదు. పసుపుపచ్చ ముక్కుతో ఉండే ఒక పాటల పిట్ట. ఊహ తెలిసీ తెలియని వయసులో అమ్మానాన్నల మంచం మీద తెల్లవారుజామున మేలుకుని ఆ పాట కోసం ఎదురుచూసేవాడు. పిట్ట కూసిందంటే ఇవాళ కూడా రోజు మామూలుగానే మొదలైందని ఊపిరి పీల్చుకునేవాడు. వాళ్లమ్మ అతన్ని ముద్దుగా ‘లొన్ డువ్’ అని పిలిచేది; ఐరిష్ భాషలో నల్లపిట్ట అనే అర్థం.

ఇక్కడ కాస్త ఆగాలి. ‘నాకు భయం వేసేది, పాట వింటే ధైర్యం వచ్చేది’ అని ఒక్క వాక్యంలో చెప్పి ఊరుకోవచ్చు. మామూలు డైరీ అయితే అలాగే ఉండేది. డారా పిట్టని చెబుతాడు, వెలుతురుని చెబుతాడు, ఆ వేళని చెబుతాడు. భయం మనకి వాటి మధ్యనుంచి తెలుస్తుంది. పుస్తకమంతా ఇదే పద్ధతి. ఒకచోట పసుపుపచ్చని గడ్డిపూలు ముడుచుకోవడం చూసి, తాను కూడా లోకానికి అలా ముడుచుకుపోతానని రాస్తాడు. విచ్చుకుంటే నలుగురూ నవ్వుతారు, చూస్తే బాధ తట్టుకోలేనంత ఉంటుంది. ఇంతకంటె సూటిగా తన మనసు చెప్పిన సందర్భాలు పుస్తకంలో తక్కువ. దానికి కూడా అతనికి ఒక పువ్వు కావలసి వచ్చింది.

కథ అంటూ చెప్పాలంటే, ఆ ఏడు వాళ్లు ఇల్లు మారారు. పడమటి వైపు చెరువుల సీమ ఫెర్మనా నుంచి తూర్పున మోర్న్ కొండల పాదాన ఉన్న ఊరికి. మనకి ఇల్లు మారడమంటే సామాన్లు, గ్యాసు, పాలవాడు. రోజు రోజులాగే ఉండాలని కోరుకునే పిల్లవాడికి ఇల్లు మారడమంటే కాళ్ల కింద నేల లాగేసినట్టే. అతను కొత్త ఊరుని ఎలా స్వాధీనం చేసుకున్నాడో చూడండి. తోటలో ఏ పిట్టలు వస్తున్నాయి, దగ్గర అడవిలో ఏ చెట్లున్నాయి, రాత్రి గబ్బిలాలు ఎటు తిరుగుతాయి అని ఒక్కొక్కటే డైరీలోకి ఎక్కించాడు. పేర్లు తెలిసినకొద్దీ ఊరు అతనిదైంది. పాత బడుల్లో అతన్ని ఏడిపించిన పిల్లలున్నారు. కొత్త బడిలో స్నేహాలు కలిశాయి. 2018 సెప్టెంబరులో లండన్‌లో వన్యప్రాణుల కోసం జరిగిన పెద్ద ఊరేగింపులో వేలమంది ఎదుట తన కవిత చదివాడు.

మరి పుస్తకంలో లోపాలు లేవా? ఉన్నాయి. విశేషణాలు కొన్నిచోట్ల గుత్తులు గుత్తులుగా వేలాడతాయి. ఒక పక్షి ఎగిరితే మూడు ఉపమానాలు వెంట ఎగురుతాయి. పద్నాలుగేళ్ల వయసు అనుకుని మనం సర్దుకోవచ్చుగాని, నాలుగు పేజీలు వరసగా చదివితే కళ్లు అలసిపోతాయి. బడిలో పిల్లలు చేసిన అల్లరి గురించి మాత్రం గబగబా దాటేస్తాడు. నాకు అక్కడ ఇంకొంచెం ఆగితే బాగుండుననిపించింది. అంతలోనే, ‘ఎందుకు ఆగాలి? నా కోసమా?’ అని కూడా అనిపించింది. దెబ్బ తగిలినచోటు మనకి విప్పి చూపించడం అతని బాధ్యత కాదు గదా.

ఇంకొకటి పుస్తకం తప్పు కాదు, చదివే మన తప్పు. ఇంత బాగా రాశాడు కనుక ఆటిజం ఉన్న పిల్లలందరిలోనూ ఏదో ఒక అద్భుతం దాగి ఉంటుందని మనం సంబరపడతాం. మా వాడికి ఏం వచ్చు, ఏం వచ్చు అని వెతుకుతాం. అందరికీ నల్లపిట్ట దొరకదమ్మా. కొందరికి బస్సు టైములే దొరుకుతాయి. బహుమతి వచ్చిన పిట్టకి ఇచ్చిన గౌరవం బస్సు టైముకి ఇవ్వకపోతే, మనం డారాని చదివి నేర్చుకున్నది ఏమీ లేదన్నమాట. అసలు రాయలేని పిల్లలూ, మాట రాని పిల్లలూ ఎందరో ఉన్నారు. వాళ్లు వరసలో పెట్టే గోళీలూ, దాచుకునే సీసా మూతలూ కూడా ఒక రకం దినచర్యేనేమో ఎవరికి తెలుసు?

డారా పుస్తకం విలువ తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1943లో అమెరికాలో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు పదకొండుమంది పిల్లల గురించి ఒక వ్యాసం రాశాడు. ఆటిజం అన్న మాట ఇవాళ్టి అర్థంలో స్థిరపడింది దాంతోనే. అందులో మొదటి పిల్లవాడు డొనాల్డ్. డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లే ముందు అతని తండ్రి కొడుకు గురించి 33 పేజీల ఉత్తరం టైపు చేయించి పంపాడు. ఏం తింటాడు, ఏం పాడతాడు, దేనికి అరుస్తాడు, అంతా ఉంది. ప్రేమతో రాసిన ఉత్తరమే. అయినా అది తండ్రి చూసిన డొనాల్డ్. తరువాత 1967లో క్లారా క్లైబోర్న్ పార్క్ అనే తల్లి తన కూతురి గురించి ‘ది సీజ్’ అని పుస్తకం రాసింది. కోట ముట్టడి అని అర్థం. కూతురు కోటలో ఉంది, తల్లి బయట గోడ చుట్టూ తిరుగుతోంది. చాలా గొప్ప పుస్తకం. దాంట్లోనూ కలం గోడ బయట ఉన్నవాళ్ల చేతిలోనే ఉంది.

గోడ లోపలినుంచి మాట వినిపించింది 1986లో. టెంపుల్ గ్రాండిన్ తన ఆత్మకథ ‘ఎమర్జెన్స్’ అచ్చువేయించింది. ఆవిడ ఇప్పుడు పశువుల శాస్త్రంలో పేరున్న ప్రొఫెసరు. ఆ పుస్తకంలో తాను చిన్నప్పుడు రాసుకున్న డైరీ మాటలు ఎత్తి చూపుతుంది. హాస్టలు బడిలో పై కప్పు దగ్గర కొత్తగా కడుతున్న ఒక గది ఉండేది. దాన్ని ‘కాకిగూడు’ అనేవారు. అక్కడినుంచి కప్పు మీదికి తీసే చిన్న చెక్క తలుపు. ఆ తలుపు గురించే ఆ పిల్ల డైరీలో రాసుకుంది. బడి అయిపోతుంది, పెద్దదాన్నవుతాను, ముందు ఏమవుతుందో తెలియదు అన్న బెంగంతా ఆ తలుపులో పెట్టుకుంది. ‘భవిష్యత్తు’ అన్న మాట ఆవిడ మనసుకి అందదు, బొమ్మ కావాలి. తలుపు తీసుకుని నిజంగా అటువైపు అడుగు వేసి చూస్తేగాని ధైర్యం రాలేదు. చదివినవాళ్లకి తలుపు పిచ్చిలా కనిపిస్తుంది. ఆవిడకి అది జీవితం.

పిట్ట, గడ్డిపువ్వు, తలుపు, కిటికీ సీటు. నేను చెప్పదలచుకున్నది ఇంతే: ఈ డైరీల్లో వస్తువు పక్కన మనసు లేదని వెతుక్కోకండి. వస్తువులోనే ఉంటుంది.

తన మనసులో కలిగేది సంతోషమో, కోపమో, బెంగో వెంటనే పేరు పెట్టి చెప్పలేకపోవడానికి మానసిక శాస్త్రజ్ఞులు 1970ల్లోనే ‘అలెక్సిథైమియా’ అని నోరు తిరగని పేరు పెట్టారు. ఆటిజం ఉన్న అందరికీ ఇది ఉండదు. లేనివాళ్లలోనూ కొందరికి ఉంటుంది. కాని ఆటిజం ఉన్నవాళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది. పేరు తెలియనంత మాత్రాన బాధ లేకుండా పోదు గదా. చంటిపిల్లకి కడుపునొప్పి అన్న మాట రాదు; నొప్పి రాదా?

పగలంతా చప్పుళ్లు, వెలుతురు, మొహాలు, ప్రశ్నలు ఒక్కసారిగా మీదపడతాయి. ఎదుటివాళ్లు జవాబు కోసం చూస్తూంటారు. మాట అందేలోపల వాళ్లు వెళ్లిపోతారు. రాత్రి డైరీ దగ్గర కూర్చుంటే ఎవరూ తొందరపెట్టరు. పుస్తకం మన మొహంలోకి చూడదు. జరిగినదాన్ని ఒకటి తరువాత ఒకటి వరసలో పెడితే రోజు చల్లబడుతుంది. అప్పుడు అందులో ఏది గుచ్చుకుందో తెలుస్తుంది. రెండు గీతలు ఎక్కడ గీయాలో తెలుస్తుంది.

ఇంత ధీమాగా ఎలా చెబుతున్నానంటారా? యాభై దాటాక నాకూ ఆటిజం ఉందని ఒక డాక్టరుగారు చెప్పారు. మా చిన్నప్పుడు ఆ మాట ఎవరు విన్నారు? అమెరికా డాక్టర్ల పట్టికలోనే 1980లో గాని దానికి విడిగా చోటు దొరకలేదు. ఆడపిల్లల సంగతి మరీను. నలుగురిని చూసి నలుగురిలా నవ్వడం నేర్చుకుంటాం, ఎవరికీ కనపడం. మౌనంగా ఉంటే ‘బుద్ధిమంతురాలు’ అంటారు.

1978లో నాకు పదకొండేళ్లు. నాన్నగారి బ్యాంకు డైరీ ఒకటి నాకిచ్చారు. ఆ వేసవిలో మా బామ్మ పోయింది. నేను మూడేళ్ల పిల్లగా ఉన్నప్పటినుంచీ ఆవిడ పక్కనే పడుకునేదాన్ని. పోయిననాటినుంచి పదమూడో రోజు దాకా నేను డైరీ మానలేదు. ఎవరెవరు ఏ బస్సులో దిగారో రాశాను. ఏ పూట ఎన్ని విస్తళ్లు వేశారో రాశాను. నూతి దగ్గర ఎన్ని బిందెలు నీళ్లు తోడారో రాశాను. ఏడ్చినట్టు ఎక్కడా రాయలేదు. నిజానికి ఏడవలేదు కూడా.

మరుసటి ఏడు ఇంట్లో పెళ్లి. మా మేనత్త ఏదో వెతుకుతూ ఆ డైరీ తీసింది. పెళ్లివారింట్లో పదిమంది ఉండగా బిగ్గరగా చదివింది. మొదట అందరూ నవ్వారు. విస్తళ్ల లెక్క దగ్గరికి వచ్చేసరికి ఆవిడ గొంతు మారింది. “మా అమ్మ పోతే ఇది విస్తళ్లు లెక్కపెట్టింది చూడండర్రా! దీనిది గుండె కాదు, రాయి” అంది. ఇప్పుడు ఆలోచిస్తే ఆవిడ మీద కోపం రాదు. పోయింది ఆవిడ తల్లి. నా కళ్లల్లో నీళ్లు ఆవిడకి కావలసినంత కనిపించలేదు. డామియన్ మిల్టన్ అని బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త, తానూ ఆటిజం ఉన్నవాడే, 2012లో ఒక మాట అన్నాడు: అర్థం చేసుకోలేకపోవడం ఒకవైపు లోపం కాదు, రెండువైపులా ఉంటుందని. ఆవిడ దుఃఖం నాకు తెలియలేదని అందరికీ తెలిసింది. నా దుఃఖం ఆవిడకి తెలియలేదని ఎవరికీ తోచలేదు.

ఆవిడ ఇంకొక పేజీ తిప్పి ఉంటే బాగుండేది. పద్నాలుగో రోజు పేజీలో రెండే ముక్కలున్నాయి. ‘చుట్టాలు వెళ్లారు. కాఫీ గ్లాసులు 6.’ అంతకుముందు ఏళ్ల తరబడి మా ఇంట్లో పొద్దున్న కాఫీ గ్లాసులు ఏడు.

మా అమ్మ వంటింట్లోంచి వచ్చి ఆ డైరీ అత్తయ్య చేతిలోంచి తీసుకుంది. ఎవరినీ ఏమీ అనలేదు. నా ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేసి, చెవి నా చేతిలో పెట్టింది. “ఇది నీదే. నన్నయినా చూడనివ్వక్కర్లేదు” అంది. అమ్మ ఆ పేజీ చదివిందో లేదో నేను అడగలేదు. ఆవిడా చెప్పలేదు. అంత జరిగినా నాకు మళ్లీ డైరీ ముట్టడానికి ఎనిమిదేళ్లు పట్టింది. ఆ ఎనిమిదేళ్లలో ఏ రోజు ఏం గుచ్చుకుందో ఇప్పుడు నాకు తెలియదు. ఆ లెక్క పోయింది. పోయినదానికి ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అందుకే పైవాటా అమ్మాయితో నాలుగు మాటలు చెప్పాను. వాడి భాష దిద్దకు. ‘ఎలా అనిపించిందో రాయి’ అని అడక్కు; అది వాడికి పరీక్ష పేపరు అవుతుంది. టీచరుకి చూపించాలంటే వేరే నోటుబుక్కు పెట్టించు. రోజుకి మూడు వాక్యాలు రాసి పడేస్తాడు. ఇదేదో మందు, రాస్తే నయమవుతుంది అనుకోకు. మానేస్తానంటే మాననీ. అన్నిటికంటే ముందు, వాడు చూపిస్తే తప్ప చూడకు.

“మరి వాడి మనసు నాకెలా తెలుస్తుందండీ?” అంది. తల్లి గదా, అడగకుండా ఎలా ఉంటుంది?

డారా పుస్తకం మనం చదవగలుగుతున్నామంటే, అతను మనకి చూపించాలనుకున్నాడు కనుక. ఏ పేజీ ఇవ్వాలో, ఏది దాచుకోవాలో అతని ఇష్టం. అచ్చయిన డైరీ పంచిపెట్టిన ప్రసాదం లాంటిది. లోపలి గది వేరే ఉంటుంది. నీకు వాడి మనసు తెలియాలంటే పుస్తకం అక్కర్లేదమ్మా, రేపు బస్సు దగ్గర నిలబడి వాడికి కిటికీ సీటు దొరికిందో లేదో చూడు, అన్నాను. అప్పుడు ఆ గీతలు చూపించాను. ఆ పిల్ల వేలితో వాటిని తడిమి చూసింది. ఆ వేపు కాగితం కూడా ఉబ్బి ఉంది.

ఇక నా తప్పు సంగతి. మా అత్తయ్యని ఇన్ని మాటలన్న నేను, పరాయి పిల్లవాడి డైరీలో ఒక పేజీ చదివాను. ఆ సాయంత్రమే పైకి వెళ్లి వాడితో చెప్పాను, “నీ డైరీలో ఒక పేజీ చూశాను, తప్పయింది” అని. ఇలా ఒక వ్యాసం రాస్తున్నాను, ఆ పేజీలో మాటలు వేసుకోనా అని కూడా అడిగాను. వాడు నా వైపు చూడలేదు, మాట్లాడలేదు. నేను దిగి వచ్చేశాను.

మర్నాడు మెట్ల దగ్గర ఎదురయ్యాడు. “ఏ తారీకు పేజీ?” అన్నాడు.

“జనవరి 21” అన్నాను.

కాసేపు ఆలోచించి, “ఇడ్లీలు ఉన్న పేజీ. పేరు వెయ్యకపోతే వేసుకోండి” అని, బస్సు వేళ అయిందని గబగబా దిగిపోయాడు. వాచీ చూసుకున్నాను. 7-50.